లస్కర్, లాస్కర్, లష్కర్: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఈ మాట ఒక్కో దిక్కు నుంచి ఒక్కో రకంగా చెవిన పడుతుంది. కోస్ట్ గార్డ్ ఉద్యోగ ప్రకటనలో లస్కర్ పోస్టు ఉంటుంది. తాండవ, రైవాడ ఆయకట్టు రైతు నగరానికి వస్తే, లస్కర్ నీళ్లు వదల్లేదని చెబుతాడు. ఆషాఢంలో టీవీ పెడితే లష్కర్ బోనాలు. ఇంగ్లీషు చరిత్ర పుస్తకం తెరిస్తే ఓడల మీది లాస్కర్లు. ఇవన్నీ ఒకే మాటా కాదా అని అడిగేవారు ఎప్పటికప్పుడు కొత్తగా వస్తూనే ఉన్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టవచ్చు. దేనికది విడిగా అర్థం కావాలని కొన్ని సంగతులు రెండోసారి చెప్పవలసి వచ్చింది.

## మొదట వచ్చే సందేహాలు

లస్కర్ అంటే అసలు అర్థం ఏమిటి? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

వాళ్లందరూ చెప్పేది నిజమే. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం, సైన్యం విడిసిన చోటు. ఇంగ్లీషులోకి వెళ్లాక అది యూరప్ వాళ్ల ఓడల్లో పనిచేసే ఆసియా నావికుడికి, ముఖ్యంగా భారతీయ నావికుడికి పేరైంది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఫిరంగుల దగ్గర, గుడారాల దగ్గర పనిచేసేవాడిని కూడా లస్కర్ అనే పిలిచారు. ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖలో కాలువనూ తూములనూ చూసుకునే కింది ఉద్యోగి లస్కర్. సికింద్రాబాద్‌కు పాత పేరు లష్కర్. చదివే వాక్యంలో ఓడ ఉందా, కాలువ ఉందా, బోనం ఉందా చూస్తే అర్థం దానంతటదే తేలుతుంది.

లష్కర్, లస్కర్ వేర్వేరు మాటలా? ఒకటి తప్పు, ఒకటి ఒప్పా?

రెండూ ఒప్పే. మాట ఒకటే, మన దగ్గరకు వచ్చిన దారులు రెండు. పారశీకం పాలనా భాషగా ఉన్న దక్కన్ నుంచి భూమార్గాన వచ్చింది ‘లష్కర్’. దాని అర్థం పెద్దగా మారలేదు, సైన్యం దిగిన చోటుకు పేరుగా స్థిరపడింది. రెండోది సముద్రమార్గాన తిరిగి వచ్చింది. పోర్చుగీసువాళ్లు ఈ మాటను ఇక్కడే విని తమ నోటికి తగ్గట్టు మార్చుకున్నారు. వాళ్ల దగ్గర నుంచి ఇంగ్లీషువాళ్లు తీసుకున్నారు. ఇంగ్లీషు ప్రభుత్వ కాగితాల నుంచి అది మళ్లీ మన భాషల్లోకి ‘లస్కర్’గా దిగింది. షకారం పోయి సకారం రావడం ఆ ప్రయాణానికి గుర్తు. అందుచేత సికింద్రాబాద్‌ను లస్కర్ అన్నా, కాలువ ఉద్యోగిని లష్కర్ అన్నా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఉగ్రవాద సంస్థ పేరులోని లష్కర్ కూడా ఇదేనా? అలాగైతే ఈ మాట వాడకపోవడమే మంచిదా?

అదే మాట, అదే ‘సైన్యం’ అనే అర్థం. అయితే మాటను వదులుకోవలసిన అవసరం లేదు. మరాఠీ పత్రికలు భారత సైన్యాన్ని రోజూ ‘లష్కర్’ అనే రాస్తాయి, అక్కడ అది మామూలు మాట. పుణె కంటోన్మెంటునూ లష్కర్ అంటారు. సికింద్రాబాద్ అమ్మవారి బోనాలకు ఉన్న పేరూ అదే. ఆ సంస్థ పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచీ ఈ మాట ఈ నేల మీద ఉంది.

లస్కర్, కళాసీ ఒకటేనా?

ఒకప్పుడు దాదాపు ఒకటే. కళాసీ అనేది ‘ఖలాసీ’ అనే హిందుస్తానీ మాట, దాని మూలం అరబ్బీ ‘ఖలాస్’, అంటే విడుదల. 19వ శతాబ్దపు ఆంగ్లో-ఇండియన్ వాడుకలో ఖలాసీ, లస్కర్ రెండూ ఓడ నావికుడికీ, గుడారాలు వేసేవాడికీ, ఫిరంగి దగ్గరి పనివాడికీ చెల్లేవి. తరువాత దారులు విడిపోయాయి. ఉత్తరాంధ్రలో ఇప్పుడు కళాసీ అంటే బోటు మీద పనిచేసే మనిషి, లేదా బస్తాలు మోసి ఎత్తి దించే కూలీ. రైల్వేలోనూ ఖలాసీ పోస్టు ఉండేది. లస్కర్ మాత్రం ప్రభుత్వ ఉద్యోగం పేరుగానే మిగిలింది. ఫిషింగ్ హార్బర్‌లో నిలబడి లస్కర్ ఎవరని అడిగితే ఎవరూ పలకరు, కళాసీలు ఎక్కడని అడిగితే పదిమంది చేతులు చూపిస్తారు.

## పారశీకం నుంచి ఇంగ్లీషు దాకా

ఇది పారశీక పదమా, అరబ్బీ పదమా? ఒక్కో నిఘంటువులో ఒక్కోలా ఉంది.

పారశీకం అనడమే సబబు. సందేహం ఎక్కడ వచ్చిందంటే, అరబ్బీలో సైన్యాన్ని ‘అస్కర్’ అంటారు. దానికి ముందు ‘అల్’ అనే ఉపపదం చేరిస్తే ‘అల్-అస్కర్’. వినడానికి అది లష్కర్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి పారశీకులు అరబ్బుల దగ్గర తీసుకున్నారని చాలాకాలం అనుకున్నారు. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కూర్చగా 1886లో వెలువడిన ఆంగ్లో-ఇండియన్ పదాల నిఘంటువు ‘హాబ్సన్-జాబ్సన్’ దీన్ని తిరగేసింది. పారశీక లష్కర్‌లోని మొదటి లకారాన్ని అరబ్బులు తమ ‘అల్’ అనుకుని విడదీశారని, అలా మిగిలిందే అస్కర్ అని ఆ వాదం సారం. ఇస్లాంకు ముందరి మధ్య పారశీకంలోనే లష్కర్ ఉంది కనుక ఈ వాదానికే బలం ఎక్కువ. తూర్పు ఆఫ్రికాలో వలస పాలకుల స్థానిక సైనికులను ‘అస్కరీ’ అన్నది ఆ అరబ్బీ కొమ్మ నుంచే.

సైన్యం అనే మాటకు నావికుడు అనే అర్థం ఎలా వచ్చింది? రెంటికీ పొంతన లేదు కదా?

ఇదే అందరికీ మింగుడుపడని చోటు. దీన్ని మెల్లగా చూడాలి.

లష్కర్‌కు ఈ-కారం చేరిస్తే ‘లష్కరీ’, అంటే సైన్యానికి చెందినవాడు, సైనికుడు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పడమటి తీరంలో దిగినప్పుడు ఈ మాటను స్థానిక సైనికుడు అనే అర్థంలోనే పట్టుకున్నారు. వాళ్ల రాతల్లో అది లస్కరీ, లస్కరిమ్, లస్కరిన్ అని రకరకాలుగా కనిపిస్తుంది. అప్పటికింకా నావికుడు లేడు.

కానీ ఆ కాలపు ఓడను తలచుకోండి. యుద్ధ ఓడ, సరుకు ఓడ అని ఈనాటి తేడా లేదు. సరుకు తీసుకువెళ్లే ఓడల్లోనూ చాలావాటి మీద ఫిరంగులు ఉండేవి. తాడు లాగేవాడూ ఫిరంగిలో మందు కూరేవాడూ చాలాసార్లు ఒక్కడే. యూరప్ నుంచి బయలుదేరిన సిబ్బందిలో కొందరు జబ్బులతో దారిలోనే పోయేవారు, కొందరు రేవుల్లో దిగి పారిపోయేవారు. ఆ ఖాళీల్లోకి జీతానికి చేరిన స్థానికుడిని, అతడు చేసే పని ఏదైనా, తమకు అలవాటైన మాటతోనే పిలిచారు. జీతానికి చేరిన దేశీ మనిషి అన్న అర్థం ముందు నిలబడింది, ఆయుధం పట్టాడా తెడ్డు పట్టాడా అన్నది వెనక్కి పోయింది. 17వ శతాబ్దపు మొదట్లో ఈ మాట ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. నేల మీద దేశీ సైనికుడికి వాళ్ల దగ్గర సిపాయి అనే మాట స్థిరపడే కొద్దీ, ఈ రెండోదానికి ఓడే మిగిలింది. సైనికుడు అనే పాత అర్థం దీనికి ఇప్పుడు పూర్తిగా పోయిందని 1886 నాటికే యూల్, బర్నెల్ రాశారు.

సిపాయి కూడా ఇదే దారిలో వచ్చిందా?

చాలావరకు అదే దారి. పారశీకంలో ‘సిపాహ్’ అన్నా సైన్యమే, ‘సిపాహీ’ అంటే సైనికుడు. పోర్చుగీసు మీదుగా ఇంగ్లీషుకు వెళ్లి అక్కడ సెపాయ్ అయింది. ఫ్రెంచివాళ్ల ఉత్తర ఆఫ్రికా అశ్వికదళాన్ని ‘స్పాహీ’ అన్నది కూడా ఈ మాటనే, తుర్కీ మీదుగా. తెలుగులోకి మాత్రం సిపాయి నేరుగా దక్కన్ సైన్యాల నుంచి వచ్చినా రావచ్చు, జమేదారు, గుమాస్తా, బందోబస్తు వచ్చినట్టే.

శ్రీలంక చరిత్రలో లస్కరిన్లు అని ఉంది. వాళ్లు నావికులా?

కాదు, సైనికులు. పోర్చుగీసు, డచ్చి, బ్రిటిష్ పాలకుల కింద వరుసగా పనిచేసిన సింహళ కాల్బలానికి ఆ పేరు. పోర్చుగీసులో ఈ మాటకున్న తొలి అర్థం అక్కడ చెక్కుచెదరకుండా నిలిచింది.

సైన్యంలో ‘గుడారాల లస్కర్’, ‘ఫిరంగి లస్కర్’ అంటే ఎవరు?

గుడారాల లస్కర్ దండు కదిలినప్పుడు గుడారాలు పీకి, చుట్టి, తరువాతి మజిలీలో మళ్లీ వేసేవాడు. ఫిరంగి లస్కర్ ఫిరంగి బండిని లాగడం, తిప్పడం, మందుగుండు అందించడం చేసేవాడు. సాధారణంగా గురిచూసి పేల్చే పని తెల్లవాడిది, బరువు పని ఇతడిది. సిలోన్, హాంకాంగ్ కోటల్లోనూ బ్రిటిష్‌వాళ్లు ఫిరంగి లస్కర్ల దళాలను ఉంచారు. సైన్యం అనే గంభీరమైన మాట సైన్యంలో అందరికంటే కింది మనిషికి పేరు కావడం భాషలో చిత్రమేమీ కాదు గానీ, చదువుతుంటే మాత్రం నొప్పిగానే ఉంటుంది.

## ఓడల కాలం

లాస్కర్లు ఏ ప్రాంతాలవారు? వాళ్లలో తెలుగువారు ఉన్నారా?

ఆవిరి ఓడల రోజుల్లో నియామకాలు ప్రధానంగా కలకత్తా, బొంబాయి రేవుల్లో జరిగేవి. అందువల్ల సిల్హెట్, చిట్టగాంగ్, నోవాఖాలీ, కొంకణం, గోవా, గుజరాత్, పంజాబ్‌ల వాళ్లే ఎక్కువ. యెమెన్, మలయా నావికులకూ ఇదే పేరు తగిలించారు.

తెలుగువారి సముద్రపు పని అంతకు ముందు తెరచాప ఓడల మీద, బంగాళాఖాతంలో సాగింది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఓడలు కట్టే, బాగుచేసే రేవు. 1839 నవంబరు ఉప్పెన దాన్ని ఊడ్చిపెట్టింది. బర్మాలో తెలుగువారందరినీ ‘కొరంగీలు’ అని పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి రంగూన్ వెళ్లినవారు అక్కడికి చేరాక ఏ ఊరివారైనా కొరంగీలే. అయితే వారిలో అత్యధికులు మిల్లుల్లో, రేవుల్లో పనికి వెళ్లిన కూలీలు, ఓడ మీద ఉద్యోగం చేసినవారు కారు. ఓడెక్కి రంగూన్ వెళ్లిన ప్రతి పూర్వీకుడూ లాస్కర్ అనుకోకూడదు.

ఓడలో లాస్కర్ ఏ పని చేసేవాడు?

ఆవిరి ఓడలో మూడు విభాగాలు. పైతట్టు మీద తాళ్లు, లంగరు, రంగులు, కడగడం. కింద యంత్రాల గదిలో బొగ్గు మోయడం, కొలిమిలో వేయడం. కొలిమి దగ్గరివాడిని ‘ఆగ్‌వాలా’ అనేవారు. మూడోది వంట, వడ్డన. వంటవాడు ‘భండారీ’, సామాను గది చూసేవాడు ‘కసబ్’, పాకీ పనివాడు ‘తోపాస్’. పై రెండు విభాగాల్లోనూ ముఠా మొత్తానికి సరంగు పెద్ద, అతడి కింద తండేలు.

సరంగు కేవలం మేస్త్రీ కాదు. తన ఊరివాళ్లను, బంధువులను పోగుచేసి ఓడ ఎక్కించేది అతడే, అప్పు ఇచ్చేది అతడే, జీతంలో వాటా కోసుకునేదీ అతడే. కంపెనీకి మనుషులతో నేరుగా పని ఉండేది కాదు. ఒకే ఓడ యంత్రాల గదిలో ఒకే జిల్లా వాళ్లు కనిపించడానికి కారణం ఇదే. ఎర్ర సముద్రపు ఎండలో కొలిమి దగ్గర నిలబడే పనికి తెల్లవాళ్లకంటే వీళ్ల శరీరాలే సరిపోతాయని కంపెనీలు చెప్పేవి. అసలు కారణం జీతాల పుస్తకంలో ఉంది.

తెల్ల నావికులతో సమానంగా జీతం ఇచ్చేవారా?

లేదు. బ్రిటిష్ నావికుడి జీతంలో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండేది. ఒప్పందం కూడా వేరే, ‘లాస్కర్ ఒప్పందం’ అనే పేరుతోనే ఉండేది. ఓడలో చోటు విషయంలోనూ చట్టమే తేడా పెట్టింది. 1894 నాటి బ్రిటిష్ నౌకా చట్టం ప్రకారం మామూలు నావికుడికి 72 ఘనపు అడుగులు, లాస్కర్‌కు 36. తరువాత 1906లో బ్రిటిష్ నావికుడికి 120 చేశారు, లాస్కర్‌కు మాత్రం పెంచలేదు.

లండన్ వీధుల్లో లాస్కర్లు చిక్కుకుపోయారని చదివాను. ఇంటికి ఎందుకు తిరిగి రాలేకపోయారు?

1660 నాటి నౌకాయాన చట్టం ఓడ సిబ్బందిలో నాలుగింట మూడు వంతులు ఇంగ్లీషువాళ్లే ఉండాలని చెప్పింది. భారత దేశం నుంచి బయలుదేరేటప్పుడు తెల్ల సిబ్బంది చాలక లాస్కర్లను ఎక్కించుకునేవారు. లండన్ చేరాక తిరుగు ప్రయాణానికి అక్కడి నావికులే దొరుకుతారు, చట్టమూ వాళ్లనే పెట్టుకోమంటుంది. దాంతో వీళ్లు రేవులో మిగిలిపోయేవారు. నెపోలియన్‌తో యుద్ధాలు జరిగిన కాలంలో ఈ సంఖ్య బాగా పెరిగింది. చలికి, ఆకలికి చనిపోయినవాళ్లు ఉన్నారు. 1814లో వాళ్ల తిండికీ తిరుగు ప్రయాణానికీ చట్టం చేశారు. 1823లో ఇంకొకటి చేసి, బ్రిటిష్ రాజు ప్రజలైనా సరే లాస్కర్లను బ్రిటిష్ నావికులుగా లెక్కించరాదని అందులోనే రాసుకున్నారు. బాధ్యత ఒక చేత్తో ఇచ్చి హక్కు రెండో చేత్తో లాక్కోవడం అంటే ఇదే.

1857లో లండన్ లైమ్‌హౌస్ ప్రాంతంలో ఆసియా, ఆఫ్రికా నావికుల కోసం ఒక వసతి గృహం తెరిచారు. ఊళ్లోనే స్థిరపడినవారూ ఉన్నారు. బ్రిటన్‌లో కూర హోటళ్లు పెట్టిన తొలి తరం సిల్హెటీలలో చాలామంది ఓడ దిగిన లాస్కర్లే.

ప్రపంచ యుద్ధాల్లో లాస్కర్లు చనిపోయారా? వాళ్లకు స్మారకం ఏదైనా ఉందా?

1914 నాటికి బ్రిటిష్ వాణిజ్య ఓడల మీద 50,000 మందికి పైగా లాస్కర్లు ఉన్నారు, అంటే మొత్తం నావికుల్లో సుమారు ఆరో వంతు. జలాంతర్గామి టార్పెడో సాధారణంగా తగిలేది ఓడ అడుగు భాగానికి, అక్కడ ఉండేది యంత్రాల గది మనుషులు. మొదటి ప్రపంచ యుద్ధంలో 3,427 మంది లాస్కర్లు చనిపోయారు, 1,200 మంది బందీలయ్యారు. కలకత్తాలో హుగ్లీ ఒడ్డున, ప్రిన్సెప్ ఘాట్‌కు దగ్గరలో లాస్కర్ యుద్ధ స్మారకం ఉంది. అవిభక్త బెంగాల్, అస్సాంలకు చెందిన 896 మంది కోసం కట్టి 1924లో ఆవిష్కరించారు. కట్టడం నాలుగు వైపులా పాతకాలపు ఓడ ముక్కులా పొడుచుకు వస్తుంది.

లాస్కర్లకు సొంత భాష ఉండేదట, నిజమా?

‘లస్కరీ’ అనేవారు. హిందుస్తానీ పునాది మీద పోర్చుగీసు, ఇంగ్లీషు, అరబ్బీ, బెంగాలీ మాటలు కలిసిన ఓడ భాష అది. అధికారులు ఆజ్ఞలు ఇవ్వడానికి నేర్చుకోక తప్పలేదు. లెఫ్టినెంట్ థామస్ రోబక్ 1811లో ఇంగ్లీషు-హిందుస్తానీ నౌకా నిఘంటువు వేసింది అందుకే. ఇంట్లో మాట్లాడే భాష కాదు, పని భాష. ఆవిరి ఓడలతో పాటు అదీ పోయింది.

## తెలుగు నేల మీద

సికింద్రాబాద్‌ను లష్కర్ అని ఎందుకు అంటారు?

1798లో నిజాం కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాక హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ సైన్యం విడిసింది. జనం ఆ చోటును ఉన్నదున్నట్టుగా లష్కర్ అన్నారు. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టినా పాత పేరు పోలేదు. ఉజ్జయిని మహంకాళి ఆలయ బోనాలను లష్కర్ బోనాలు అంటారు. ఆ గుడి కథ కూడా దండుతో ముడిపడినదే. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఇక్కడ కలరా పాకినప్పుడు ఉజ్జయినిలో ఉండి అమ్మవారికి మొక్కుకున్నాడని, తిరిగి వచ్చి 1815లో విగ్రహం ప్రతిష్ఠించాడని చెబుతారు.

విశాఖలోనూ సైన్యం ఉంది కదా, ఇక్కడ లష్కర్ అనే పేట ఎందుకు లేదు?

ఇక్కడ ఆ చోటును తెలుగు మాట ముందే ఆక్రమించింది. మహారాణిపేట పక్కన దండు బజార్ ఉంది. దండు అంటే సైన్యం, సైన్యం దిగిన చోటు కూడా, అచ్చంగా లష్కర్‌కు ఉన్న రెండు అర్థాలే. బెంగళూరు కంటోన్మెంటును కన్నడిగులు ‘దండు’ అనే అంటారు. సరదా ఏమిటంటే దండు పక్కనున్న ‘బజార్’ మళ్లీ పారశీకమే, లష్కర్‌లాగే ఇంగ్లీషులోకీ వెళ్లిన మాట. కుతుబ్ షాహీల ఏలుబడి, ఆ తరువాత శ్రీకాకుళం ఫౌజుదార్ల ఏలుబడి ఉత్తరాంధ్రకు పారశీక మాటలు చాలానే ఇచ్చాయి. ఉత్తర సర్కారులు అనే పేరులోని సర్కారు కూడా వాటిలో ఒకటి.

కాలువల మీద లస్కర్ ఉద్యోగానికి ఓడ మాట ఎందుకు వచ్చింది?

ఓడ నుంచి రాలేదు, సైన్యం నుంచి వచ్చిందని నా అభిప్రాయం. మద్రాసు ప్రెసిడెన్సీలో తొలి నీటిపారుదల పనులు నడిపింది సైనిక ఇంజినీర్లు. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ మద్రాస్ ఇంజినీర్స్ దళం అధికారి. దండులో గుడారం వేసే లస్కర్, భూమి కొలిచే గొలుసు పట్టే లస్కర్ అప్పటికే వాళ్లకు అలవాటైన పేర్లు. ముఠా మేస్త్రీని తండేలు అనడం కూడా ప్రభుత్వ పనుల్లో ఉండేది. దండుకు పెట్టే పేర్లే పనివాళ్లకూ పెట్టారు.

పని మాత్రం చిన్నదేమీ కాదు. తూము తలుపు ఎంత ఎత్తాలి, ఏ పిల్లకాలువకు ఎప్పుడు వదలాలి, గట్టుకు గండి పడే సూచన ఎక్కడుంది అన్నవి చూసేది లస్కరే. పై అధికారి వేసిన వంతుల పట్టిక పొలం దాకా అమలు కావడం అతడి మీద ఆధారపడుతుంది. అందుకే ఎద్దడి ఏడాది రెండు ఊళ్ల తిట్లూ అతడికే.

తండేల్, సరంగు కూడా పారశీక పదాలేనా?

సరంగు పారశీకమే. ‘సర్’ అంటే తల, ‘సర్‌హంగ్’ అంటే దళాధిపతి. ఇరాన్ సైన్యంలో ఇప్పటికీ అది కల్నల్ హోదా. మన దగ్గర అది బోటు నడిపే మనిషి. అంటే లష్కర్ లాగే ఇదీ దండు వదిలి నీళ్లలోకి దిగిన మాట.

తండేల్ అలా కాదు. మలయాళంలో తండల్, తెలుగులో తండేలు, మరాఠీలో తాండేల్. ముఠాకు పెద్ద అని అర్థం. దీన్ని భారతీయ భాషల మాటగానే నిఘంటువులు చూపుతాయి. ఇంగ్లీషువాళ్లు దీన్నే ‘టిండల్’ చేసుకున్నారు. శ్రీకాకుళం, విశాఖ మత్స్యకారులు వేటకు వెళ్లే బోటు పెద్దను తండేల్ అనడం ఇటీవలి సినిమా వల్ల మిగతా తెలుగువారికీ తెలిసింది గానీ, తీరంలో అది ఎప్పటి నుంచో ఉన్న మాట.

విశాఖలోని సింధియా అనే చోటుకు, లష్కర్‌కు సంబంధం ఉందంటారు. కల్పనా?

వంకర దారిలో ఉంది. గ్వాలియర్ పాలకుడు దౌలత్ రావ్ సింధియా 1810 ప్రాంతంలో కోట కింద దండు దించిన చోటు నగరంగా పెరిగింది, దాని పేరు లష్కర్. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అదే వంశపు మహారాజు ఒక ఆవిరి ఓడ కొని ఆసుపత్రి ఓడగా మార్చి ‘లాయల్టీ’ అని పేరు పెట్టారు. యుద్ధం అయ్యాక ఆ ఓడను కొత్తగా పెట్టిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ కొన్నది. 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కు అది బయలుదేరిన రోజునే ఏటా జాతీయ సముద్రయాన దినంగా జరుపుతున్నారు. ఆ కంపెనీయే వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వంలో విశాఖలో నౌకా నిర్మాణ కేంద్రం పెట్టింది. 1941 జూన్ 21న రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడను నీళ్లలోకి దింపారు. తరువాత అది హిందుస్తాన్ షిప్‌యార్డ్ అయింది. బస్సు దిగే చోటుకు మాత్రం సింధియా అనే పేరు నిలిచిపోయింది.

కోస్ట్ గార్డ్ ప్రకటనలో ‘సారంగ్ లస్కర్’ అని ఉంది. అది ఏ పని?

పౌర సిబ్బంది పోస్టు అది. బోటు నడపగల, బోటు సిబ్బందిని నడిపించగల లస్కర్ అని పేరే చెబుతోంది. ఉత్త లస్కర్ అంతకంటే కింది మెట్టు, తాళ్లు కట్టడం, బోటును శుభ్రంగా ఉంచడం లాంటి పనులు ఉంటాయి. సారంగ్ లస్కర్‌కు సరంగు పనిలో యోగ్యతా పత్రం అడుగుతుంటారు. అర్హతలు, వయసు ఆ ప్రకటనలోనే చూసుకోవాలి, పాత ప్రకటనలు నమ్మి దరఖాస్తు చేయకండి.

## రాసేటప్పుడు

తెలుగులో ఎలా రాయాలి? లస్కరా, లాస్కరా?

ప్రభుత్వ ఉద్యోగానికి లస్కర్ అనే రూపమే వాడుకలో ఉంది, బహువచనం లస్కర్లు. ఓడ నావికుల చరిత్ర రాసేవారు ఇంగ్లీషు ఉచ్చారణకు దగ్గరగా లాస్కర్ అని రాస్తే గందరగోళం తగ్గుతుంది. ఇక్కడ నేను పాటించినది అదే. ఊరికీ, సైన్యానికీ లష్కర్.

ఇంగ్లీషులో ఒకరిని లాస్కర్ అనడం అవమానమా?

చరిత్ర గురించి రాసేటప్పుడు కాదు. ఈనాటి భారతీయ నావికుడిని అలా అంటే అవమానమే. తక్కువ జీతం, తక్కువ హక్కులున్న మనిషికి పెట్టిన పేరు అది, ఆ వాసన ఇంగ్లీషులో పోలేదు. తెలుగులో ఉద్యోగం పేరుగా మాత్రం ఏ దోషమూ లేదు.

బెంగాల్‌లో లస్కర్ అనే ఇంటిపేరు విన్నాను. వాళ్లందరూ నావికుల వంశమా?

కానక్కరలేదు. బెంగాల్, అస్సాంలలో హిందువులకూ ముస్లింలకూ ఈ ఇంటిపేరు ఉంది. నవాబుల కాలపు సైనిక కొలువు నుంచి వచ్చిన బిరుదు కావచ్చు, ఓడ పని నుంచీ కావచ్చు. పేరు ఒక్కటే చూసి తేల్చడం కుదరదు.

చిలీలో లాస్కర్ అగ్నిపర్వతం ఉంది, లాస్కర్ అనే సీతాకోకచిలుకా ఉంది. ఇవి కూడా పారశీకమేనా?

అగ్నిపర్వతం కాదు. అది అక్కడి కుంజా భాషలో నాలుక అనే మాట నుంచి వచ్చిన పేరు, పోలిక యాదృచ్ఛికం. సీతాకోకచిలుక మాత్రం ఈ మాటే. బ్రిటిష్ కాలపు ప్రకృతి పరిశీలకులు ఇక్కడి సీతాకోకచిలుకలకు కమాండర్, కమడోర్, సార్జెంట్ అని హోదాలు పంచిపెట్టారు. అందులో నలుపు మీద నారింజ చారలున్న ఒక చిన్నదానికి లాస్కర్ దక్కింది. దక్షిణ భారతంలోనూ కనిపిస్తుంది, దాని గొంగళి పురుగు తుమ్మ జాతి ఆకులు తింటుంది.